అరటిపిండికి పట్టిన పసుపు వాసన

నా కుర్చీలో ఇప్పుడు స్రవంతి అనే అమ్మాయి కూర్చుంటోంది. ఫుడ్ టెక్నాలజీ చదివింది, చురుకైన పిల్ల. నేను రిటైరైన వారానికే ఫోన్ చేసింది.

"సార్, అలమారల ఉన్న ఫైళ్లన్నీ చదివిన. ఒక్కటే అడుగుత. అరటికాయల లాభం ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఎంత?"

"అది ఫోన్ల చెప్పేది కాదు బిడ్డా" అని పెట్టేశాను. పెట్టేశాక నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ల కిందట నేనూ అచ్చం ఇలాగే అడిగేవాణ్ణి, ఎవరైనా అంకె చెప్పకపోతే చిరాకు పడేవాణ్ణి. అందుకే ఆమె కోసం, ఆమెలాగా ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. ఫైళ్లలో ఉన్నవి అక్కడే ఉండనీ. ఫైళ్లలో నేను రాయనివి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి రాయడానికి సిగ్గుపడ్డాను కాబట్టే రాయలేదు.

చక్కెర దగ్గర నేర్చుకున్నది, నేర్చుకోనిది

నేను పుట్టింది బోధన్‌లో. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్లు తూచే చోట పనిచేసేవాడు. డిగ్రీ కాగానే నేనూ అదే ఫ్యాక్టరీ లేబొరేటరీలో కెమిస్టుగా చేరాను. తెల్ల కోటు, జేబులో పెన్ను, పెన్ను పక్కన సిగరెట్ పెట్టె. ఊళ్లో నడిచి వెళ్తుంటే నన్ను నేనే చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

అక్కడ మాకు ఒకే ఒక్క దేవుడు, రికవరీ. వంద బండ్ల చెరకు లోపలికి పోతే చివరికి బస్తాలో ఎంత చక్కెర పడింది అన్నది. పడనిది ఎక్కడ పోయింది? పిప్పిలో కొంత, రసం వడపోసాక మిగిలే మడ్డిలో కొంత, మొలాసిస్‌లో కొంత. ఎక్కడెక్కడ కారిపోతోందో వెతికి పట్టుకోవడమే కెమిస్టు పని. ఈ అలవాటు నన్ను జీవితాంతం కాపాడింది. చెరకు పోయి అరటి వచ్చినా నేను అడిగిన మొదటి ప్రశ్న అదే: లోపలికి వచ్చినదానిలో బయటికి పోయింది ఎంత, మధ్యలో మాయమైంది ఎంత?

నేర్చుకోనిది ఇంకొకటి ఉంది. పాకం ఉడికించే పెద్ద బాండీ దగ్గర గౌస్ భాయ్ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. చదువు లేదు. గాజు ముక్క మీద పాకం బొట్టు వేసి, వెలుతురుకు పట్టి, గింజ ఎంత కట్టిందో చెప్పేవాడు. తర్వాత వేలితో రుద్ది నాలుక మీద వేసుకునేవాడు. ఒకసారి నా పరికరంలో రీడింగ్ సరిగ్గా వచ్చింది, దించమన్నాను. ఆయన కదల్లేదు.

"సాబ్, ఇంకా కాలే. జర నోట్ల ఏస్కోని సూడుర్రి" అన్నాడు.

"నోరు పెట్టి చూస్తే ఇగ ఈ మిషన్ ఎందుకు భాయ్?" అని నవ్వాను.

ఆయన మాత్రం దించలేదు. చివరికి తేలిందేమిటంటే, ముందు షిఫ్ట్ వాడు పరికరం అద్దం తుడవలేదు, నేనూ తుడవలేదు. పాత పాకం మీదనే రీడింగ్ తీశాను. గౌస్ భాయ్ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా నౌకరీ ఏమయ్యేదో. నేను ఆయనకు షుక్రియా కూడా చెప్పలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఇక్కడ చెబుతున్నాను.

వనజ మేడం చింపిన కాగితాలు

ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎందుకు, ఎవరి వల్ల అన్నది ఈ రాతకు సంబంధం లేని విషయం. కొన్నాళ్లు ట్యూషన్లు చెప్పాను. తర్వాత నిజామాబాద్‌లో రైతులతో, మహిళా సంఘాలతో పనిచేసే ఒక చిన్న సంస్థలో చేరాను. దాన్ని నడిపేది వనజ మేడం. పొట్టి మనిషి, కోపం ముక్కు మీదే ఉండేది. మీటింగ్‌లో ఎవరైనా రెండు నిమిషాలు దాటి మాట్లాడితే గడియారం తీసి బల్ల మీద పెట్టేది. ఆమెతో వేగడం కష్టం. అయినా నా జీవితంలో దొరికిన మంచి పై అధికారి ఎవరంటే ఆమె పేరే చెబుతాను.

అప్పటికే బోధన్ చుట్టుపక్కల చెరకు వేసేవాళ్లు కొందరు అరటికి మళ్లారు. అందులో కూరరటి కూడా ఉండేది. నేను ఒక ప్రాజెక్ట్ రిపోర్ట్ రాశాను: కూరరటి పిండి, కూరరటి చిప్స్. ఏ మిషన్ కావాలి, ఎంత కరెంటు, ఏడాదికి మూడు వందల రోజులు నడిస్తే ఎంత మిగులు. చక్కగా టైప్ చేయించి ఇచ్చాను. మేడం మొత్తం చదివింది. చదివి, నిలువునా చింపింది.

"ఇవన్ని మంచిగున్నయి. ఎవరు తింటరు?"

"మార్కెట్ ఉంది మేడం."

"మార్కెట్‌కు నోరు ఉంటదా? మనుషులకు ఉంటది. ఎవరు తింటరో చూసి రా పో."

మూడు రోజులు నన్ను బోధన్ అంగడిలో కూర్చోబెట్టింది. దక్షిణాది చిప్స్ ఎలా చేస్తారో పుస్తకంలో చదివి, కొబ్బరినూనెలో వేయించి తీసుకుపోయాను. ఒక పెద్దాయన నోట్లో వేసుకుని ఆగిపోయాడు.

"ఏంది తమ్మీ, తలకు పెట్టుకునే నూనెల గోలిచ్చినవా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే నవ్వు. సరిహద్దు అవతలి నుంచి సరుకు కొనడానికి వచ్చిన మరాఠీ అవ్వ ఒకామె మాత్రం జాలిపడి, ఇంకొకటి తిని, వేళ్లతో కారం చల్లినట్టు చూపించి "థోడం తిఖట్ పాహిజే" అంది. మూడో రోజు పల్లీనూనెలో వేయించి, మిరప్పొడి, ధనియాల పొడి చల్లి తీసుకుపోయాను. మధ్యాహ్నానికి గంప ఖాళీ. తిరిగి వచ్చి మేడం ముందు నిలబడితే ఆమె తల కూడా ఎత్తకుండా "ఇప్పుడు రాయి రిపోర్ట్" అంది.

తొక్క, నీరు, నూనె

ఇప్పుడు కాస్త లెక్క. స్రవంతీ, ఇది శ్రద్ధగా చదువు.

వంద కిలోల కూరరటి గెలలు షెడ్డులోకి వచ్చాయనుకో. కాడ తీసేస్తావు, తొక్క తీసేస్తావు, అరవై కిలోలు మిగిలితే సంతోషించు. దాన్ని ఎండబెడితే అందులో సగం కంటే ఎక్కువ నీరే. చివరికి పిండిగా చేతికొచ్చేది ఇరవై కిలోలకు అటూ ఇటూ. అంటే నువ్వు గెల ధర చూసి "అబ్బో, ఎంత చవక" అనుకుంటున్నావే, పిండి దగ్గరికి వచ్చేసరికి అది ఐదింతలవుతుంది. మీద కూలి, మీద మర, మీద సంచి, మీద లారీ. కాగితం మీద రాసిన మూడు వందల రోజులు కూడా ఉండవు. ముసురు పట్టిన రోజు ముక్క ఎండదు, పండుగ నాడు ఆడవాళ్లు రారు, కరెంటు తన ఇష్టం.

చిప్స్ సంగతి వేరే. అక్కడ నిన్ను ముంచేది కాయ కాదు, నూనె. కాయ కొంచెం ముదరనిదైనా, నూనె సరిగ్గా కాగకముందే వేసినా, ముక్క నూనె తాగుతుంది. తాగిన నూనె నీ జేబులోంచి పోయినట్టే, పైగా తినేవాడు వేళ్లు చూసుకుని మళ్లీ కొనడు. మొదట్లో మేం ఇదే పొరపాటు చేశాం.

మరి లాభం ఎక్కడుంది? గంగారెడ్డి అనే రైతు పొలంలో నాకు దొరికింది. చెరకు మానేసి అరటి వేసిన మనిషి. వ్యాపారి వచ్చి గెల చూసి, మచ్చ ఉన్నవి, కింది చిన్న హస్తాలు అన్నీ కోసి గట్టు మీద పడేసి పోయేవాడు.

"రుచిల ఏం తేడా లేదు సార్, మొకం మంచిగ లేదంతే. తీస్కపోతే తీస్కపోర్రి, లేకుంటే బర్రెలకేస్త" అన్నాడు గంగారెడ్డి.

చిప్స్‌కూ పిండికీ మొహంతో పనేముంది? మచ్చ తొక్క మీదనే కదా. ఊరికే వద్దని ఆయనకు ఒక ధర ఇచ్చాం. ఆయనకు గట్టు మీద కుళ్లేదానికి డబ్బు, మాకు చవక సరుకు. ఈ పనిలో లాభం ఇలాంటి చోటే పుడుతుంది. మంచి గెల కొని మిషన్‌లో వేసి లాభపడిన వాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మేకుకు వేలాడిన చాట

నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో. తొడ మీద చాట, చాటలో తునికాకు, పొగాకు, కత్తెర. పొద్దున కూర్చుంటే నడుము వంగిపోయేదాకా అదే. సాయవ్వ పదేళ్ల వయసు నుంచి చుట్టింది. పెనిమిటి ఏనాడో పోయాడు, ఇద్దరు ఆడపిల్లల చదువు ఆమె వేళ్ల మీదే నడిచింది. దగ్గు మొదలైంది. డాక్టర్ పొగాకు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. అందుకని చిప్స్ పనికి ఆమే ముందుకు వచ్చింది. తను రావడమే కాదు, ఇంకో పదకొండు మందిని వెంటబెట్టుకుని వచ్చింది.

అది చిన్న విషయం కాదు. బీడీ కంపెనీలో పేరున్న కార్డు వదులుకుంటే మళ్లీ దొరకడం కష్టం. పదకొండు మంది కార్డులు వదులుకున్నది నా రిపోర్ట్ చూసి కాదు, సాయవ్వ మొహం చూసి. బోధన్ పోయే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాం. మొదటి రోజు సాయవ్వ తన బీడీ చాట తెచ్చి షెడ్డు బయట గోడకు మేకు కొట్టి తగిలించింది.

"ఇదెందుకు సాయవ్వా ఇక్కడ?"

"గీ పని నడిస్తే చాట గాడనే ఉంటది సార్. నడవకుంటే తీస్కోని ఇంటికి పోత. నన్ను నమ్మి వచ్చినోళ్లకు మొకం జూపియ్యాలె గద, మర్చిపోకుండ ఉంటదని."

అప్పట్నుంచి నేను షెడ్డుకు వచ్చినప్పుడల్లా మొదట చూసేది ఆ మేకునే.

పనిలో ఆమె నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. తొక్క తీసిన ముక్క నల్లబడకుండా నేను నిమ్మ ఉప్పు కొలిచి నీళ్లలో కలపమంటే, "ఇంట్ల మజ్జిగ నీళ్లల్ల ఏస్తం సార్, గంతే" అంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ముక్కలు రెండింటిలోనూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. మజ్జిగ చవక. నా నిమ్మ ఉప్పు డబ్బా అలాగే ఉండిపోయింది.

నా తప్పు

చిప్స్ కాస్త నిలదొక్కుకున్నాక హైదరాబాద్ నుంచి ఒక ఆర్డర్ వచ్చింది. పసిపిల్లలకు జావ పొడి చేసి అమ్మే చిన్న సంస్థ, మూడు క్వింటాళ్ల అరటిపిండి కావాలంది. నచ్చితే నెలనెలా తీసుకుంటామంది. పన్నెండు మందికీ ఏడాది పొడవునా పని. షెడ్డులో ఆ రోజు పండుగే.

పిండి పట్టడానికి మాకు మర లేదు. కొత్తది కొనాలంటే పెద్ద ఖర్చు. నా చక్కెర బుర్ర వెంటనే పనిచేసింది. వేల్పూర్ వైపు పసుపు మిల్లులున్నాయి, సీజన్ అయిపోతే ఖాళీగా పడి ఉంటాయి. ఉన్న మిషన్ వాడుకోక కొత్తది ఎందుకు? తెలిసినాయన మిల్లు ఒకటి మాట్లాడాను. ఆయన పాపం మర విప్పి తుడిచాడు, రెండు సంచుల నూకలు ఆడించి కడిగినట్టు చేశాడు. "సార్, ఇది పసుపు మర, మల్ల నన్ను అనొద్దు" అని కూడా అన్నాడు. నేనే ఫర్వాలేదన్నాను. ఆయన తప్పు ఇసుమంతైనా లేదు.

పిండి వచ్చింది. తేమ చూశాను, బాగుంది. జల్లెడ పట్టాను, బాగుంది. గ్లాసు నీళ్లలో చెంచాడు కలిపాను, రంగు కనబడలేదు. సంతకం పెట్టబోతుంటే సాయవ్వ దోసిట్లో పిండి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సార్, జర వాసన సూడుర్రి. నోట్ల ఏస్కోర్రి జరంత."

"మీటర్ల చూసిన గద సాయవ్వా. అంత సక్కగనే ఉన్నది."

నోట్లో వేసుకున్నా నాకు తెలిసేది కాదేమో, రోజుకు ఒక పెట్టె సిగరెట్లు కాల్చిన నోరు. కానీ వేసుకోలేదు. అదీ నా తప్పు. గౌస్ భాయ్ చెప్పిన మాటే, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ నా ముందుకొచ్చి నిలబడితే, మళ్లీ నవ్వి పంపేశాను.

పసుపు రంగు నీళ్లలో దిగదు, కొవ్వులో దిగుతుంది. ఇది కెమిస్టుకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. హైదరాబాద్ వాళ్లు వేడి పాలలో జావ కాచారు. జావ పచ్చగా తిరిగింది, పసుపు కొమ్ము ఉడికిన వాసన. బస్తాలు నాలుగో రోజు వెనక్కి వచ్చాయి. ఇక మీతో వద్దని ఒక్క మాటలో చెప్పేశారు. వాళ్లది పసిపిల్లల తిండి, వాళ్లన్నదాంట్లో తప్పేముంది?

ఒక రోజు ఊరుకున్నాను

బస్తాలు దించిన పూట షెడ్డులో ఒక్కొక్కరూ పిండి వాసన చూసి పక్కకు జరిగారు. అప్పుడు లక్ష్మి అనే ఆమె ముందుకు వచ్చింది. వాళ్లలో అందరికంటే చిన్నది.

"మా చెల్లె లగ్గంల పసుపు దంచిన సార్. నా చేతులకే ఉండె కావచ్చు. ఎంత కడుక్కున్నా పోలే" అని ఏడ్చింది.

చేతులకు అంటిన పసుపుతో మూడు క్వింటాళ్లు పచ్చబడవు. నాకు తెలుసు. పిండి పట్టించింది పసుపు మిల్లులో అని వాళ్లకు చెప్పలేదు, ఆ క్షణంలో చెప్పి ఉంటే సరిపోయేది. నోరు తెరిచి నేనన్నది ఒక్క మాట: "చూద్దాం."

ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తప్పు చేసినందుకు కాదు. మిషన్లు మనిషిని మోసం చేస్తాయి, కొత్తలో ఎవరికైనా అవుతుంది. ఒక ఆడపిల్ల నా తప్పును తన నెత్తిన వేసుకుంటుంటే, తెల్ల కోటు తొడుక్కున్నవాణ్ణి, ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున వనజ మేడం నన్ను పిలిచింది. కేకలు వేస్తుందని సిద్ధపడి పోయాను. మెల్లగా అడిగింది.

"పసుపు మిల్లుకు తీస్కపోయింది ఎవరు?"

"నేనే మేడం."

"వాళ్లకు చెప్పినవా?"

"లేదు మేడం."

"పోయి చెప్పి రా. వచ్చినంక చాయ్ తాగుదం."

షెడ్డుకు పోయాను. తాళం వేసి ఉంది. గోడ మీద మేకు ఉత్తగా ఉంది, చాట లేదు. స్కూటర్ వెనక్కి తిప్పి నిజామాబాద్‌లో సాయవ్వ ఇంటికి పోయాను. అరుగు మీద కూర్చుని ఉంది. తొడ మీద చాట. తునికాకు కత్తిరిస్తూ నా వైపు చూసింది.

"సాయవ్వా, తప్పు నాది. మిల్లు మర వాసన అది. నువ్వు చెప్పినా నేను వినలే."

కత్తెర ఆగింది. "తెల్సు సార్" అంది.

"తెల్సా?"

"మొదటి దినమే తెల్సు. మీరు చెప్తరా లేదా అని సూస్తున్న." కత్తెర చాటలో పెట్టి మళ్లీ అంది: "నాది సుత తప్పే. వాసన కొడుతున్నదని తెల్సి, సార్ సదువుకున్నోడు గదా అని ఊకున్న. ఇగ నాతోని కూసోకుర్రి. ముందుగాల లక్ష్మి దగ్గరికి పోర్రి. గామె నిన్నటి సంది బువ్వ ముట్టలే."

పోయాను. పన్నెండు మందినీ పిలిపించి, లక్ష్మి ముందు, అందరూ వినేలా చెప్పాను. లక్ష్మి నా మీద కోప్పడలేదు. తన అరచేతులు రెండూ చూసుకుంది, కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోప్పడి ఉంటే నాకు బాగుండేది. ఆఫీసుకు తిరిగి వస్తే మేడం నిజంగానే చాయ్ తెప్పించింది. ఇంకేమీ అడగలేదు.

పప్పు చెక్కలు

రెండు రోజుల తర్వాత సాయవ్వ షెడ్డు తాళం తీయించింది. ఒక బస్తా మూతి విప్పి, వాసన చూసి, ఒక్కసారిగా నవ్వింది.

"పప్పు చెక్కలల్ల పసుపు ఎయ్యమా సార్?"

బియ్యప్పిండిలో ఈ అరటిపిండి కొంత కలిపింది. నానిన శనగపప్పు, నువ్వులు, పచ్చిమిర్చి నూరిన ముద్ద, కరివేపాకు. చేత్తో తట్టి నూనెలో వేసింది. ఈసారి తిని చూడమని ఆమె అడిగేదాకా ఆగలేదు, నేనే చేయి చాపాను. కరకరలాడింది. పసుపు తన చోట తాను ఉంది.

బోధన్ బస్టాండ్ దగ్గర, అంగట్లో అమ్మారు. సాయవ్వ ప్రతివాడికీ చెప్పింది, "ఇందుల అరటిపిండి ఉన్నది, జరంత పసుపు వాసన కొడతది, తిని సూసి తీస్కోర్రి" అని. తిన్నారు, తీసుకున్నారు.

అబద్ధం రాయను. నష్టం రాలేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆ పిండి అంతా అయ్యేసరికి నెలలు పట్టింది, కొంత పురుగు పట్టి గంగారెడ్డి బర్రెలకు పోయింది. నలుగురు ఆడవాళ్లు తిరిగి బీడీలకు పోయారు. సాయవ్వ కూడా పొద్దున కాసేపు చాట ముందు కూర్చుని, తర్వాత షెడ్డుకు వచ్చేది. హైదరాబాద్ వాళ్లు మళ్లీ రాలేదు. ఆ నలుగురిలో ముగ్గురు ఏడాది తర్వాత వెనక్కి వచ్చారు, ఒకామె రాలేదు. ఎదురుపడితే ఇప్పటికీ నవ్వుతూ పలకరిస్తుంది, నేను మాత్రం సరిగ్గా కళ్లెత్తి చూడలేను.

అయితే అప్పుడే నాకు లెక్క అర్థమైంది. పిండిని పిండిగా అమ్మితే ధర చెప్పేది కొనేవాడు. దూరం వాడు, వంద షరతులు. అదే పిండి చెక్కలో పడితే ధర చెప్పేది సాయవ్వ. లారీ లేదు, ఎదురుచూపు లేదు, సాయంత్రానికి డబ్బు కొంగులో ఉంటుంది. చిన్న మర సెకండ్ హ్యాండ్‌ది ఒకటి దొరికింది, దానిలో అరటి తప్ప వేరేది వేయకూడదని ఒట్టు పెట్టుకున్నారు. చిప్స్, చెక్కలు, తొక్కలతో చేసిన తొక్కు పచ్చడి, ఈ మూడింటితోనే షెడ్డు నిలబడింది. వనజ మేడం అడిగిన "ఎవరు తింటరు" అన్నదానికి జవాబు నేను హైదరాబాద్‌లో వెతికాను. అది బస్టాండ్‌లో నిలబడి ఉంది.

షెడ్డు తలుపు మీద సాయవ్వ ఒక బోర్డు రాయించింది: వేరే వాసన ఉన్నదేదీ లోపలికి రావద్దు. ఆ బోర్డు మొదట పట్టుకున్నది నన్నే.

"సార్, జేబుల సిగరెట్ ఉన్నదా? బయట పెట్టి రార్రి."

"ఇప్పుడు తాగుతలేను గద."

"మీరు తాగుతలేరు, మీ అంగి తాగింది."

ఆడవాళ్లందరూ పడీ పడీ నవ్వారు. రోజుకు నాలుగుసార్లు బయట పెట్టి లోపలికి పోవడం విసుగొచ్చి, చివరికి మానేశాను. మా ఇంట్లో ఇప్పటికీ సాయవ్వ పేరు చెబితే నా భార్య చేతులెత్తి దండం పెడుతుంది. సిగరెట్ మానేశాక నాలుక తిరిగి వచ్చింది. ప్రతి వాయలో మొదటి చెక్క నాకు ఇచ్చేవారు. నేను తిని ఉప్పు సంగతి చెప్పేదాకా మూట కట్టేవారు కాదు. కెమిస్టుగా నాకు దక్కిన అసలైన గౌరవం అదొక్కటే అనుకుంటాను.

చివరిసారి షెడ్డుకు పోయినప్పుడు

రిటైరయ్యే రోజు ఆఫీసులో మాటలు, దండలు అయ్యాక ఒక్కణ్ణే షెడ్డుకు పోయాను. చాట మళ్లీ మేకు మీదికి వచ్చి చాలా ఏళ్లయింది. ఎండకు రంగు వెలిసి, అంచు ఊడి, అలాగే వేలాడుతూ ఉండేది. అలవాటు చొప్పున మొదట అటే చూశాను.

మేకు ఖాళీ.

వారం కిందట వచ్చినప్పుడు అంతా బాగానే ఉంది. ఏమైంది? ఆర్డర్ ఏదైనా తిరిగి వచ్చిందా? సాయవ్వకు దగ్గు మళ్లీ మొదలైందా? గబగబా లోపలికి పోయాను. సాయవ్వ బాండీ ముందు నిలబడి చెక్కలు తిప్పుతోంది. పక్కన లక్ష్మి తట్టి వేస్తోంది. అందరూ ఉన్నారు.

"సాయవ్వా, చాట ఏది?"

ఆమె వెనక్కి తిరగలేదు. "పొయ్యిల పెట్టిన సార్."

"ఎందుకు?"

"మన బోర్డు మీద రాసిందే గద, వేరే వాసన ఉన్నదేది దగ్గరికి రావొద్దని. ఊకెనే గోడకు ఎందుకు? ఇగ తీస్కపోయేది లేదు." నేనెక్కడ తప్పు పడతానో అన్నట్టు మళ్లీ చెప్పింది: "లోపటి పొయ్యిల కాదు, పొగాకు వాసన కొడతది గద. బయట నీళ్ల పొయ్యిల పెట్టిన."

జల్లెడ గరిటెతో ఒక చెక్క తీసి, నూనె వార్చి, కాగితంలో పెట్టి నా చేతికిచ్చింది.

"సూడుర్రి, ఉప్పు సరిపోయిందా?"

నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిపోయింది. ఆ మాట చెప్పేలోగా జేబు రుమాలు తీసి కళ్లు తుడుచుకున్నాను. లక్ష్మి నా మొహం చూసి కంగారుపడింది.

"ఏమాయె సార్, కారం ఎక్కువైందా?"

"ఎక్కువనే అయింది బిడ్డా" అన్నాను. "ఇంకోటి పెట్టు."